తేలు కొండికాడ చుక్క

అట్ల కాదు పాపా ఇంద్రాణీ, ఆసుపత్రి కాడ మొదలుపెడ్తే వినేవాళ్ళకు ఏమీ అర్థం కాదు. టీవీ కాడ మొదలుపెట్టు. అంతా ఆ ఏడున్నర సీరియల్ కాడే మొదలాయె. నేను నిదానంగా చెప్తా, నువ్వు నిదానంగా రాయి. నాకు రాసేది వచ్చింటే నా మనవరాలిని ఇట్ల కూర్చోబెట్టి సతాయించేవాన్ని కాదు. మీ అవ్వ మధ్యలో ఏమన్నా అడ్డం మాట్లాడ్తే అది రాయొద్దు. సరేలే, అదీ రాయి.

పోయినేడు ఆరుద్ర కార్తె వచ్చి పోతాండినా మన ముదిగుబ్బ పక్క చినుకు పడల్యా. శెనక్కాయ విత్తనం ఒలిచి సంచులకు పోసి పడసాలలో పెట్టుకోని కూర్చోనుంటిమి. పొద్దున లేస్తే మబ్బు దిక్కు చూసేది, పొద్దుగూకితే టీవీ దిక్కు చూసేది, ఇంతే పని. మీ విష్ణు మామ ఆ పెద్ద టీవీ తెచ్చినాడు గదా, వీధిలో ఆడోళ్ళంతా సంగటి దించి మూతపెట్టి మన ఇంటికే వచ్చేవాళ్ళు. అంగడి వరలక్ష్మమ్మ అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద కూర్చునేది. ఆమెది నోరు గాదు, మైకు.

ఆ సీరియల్లో కావేరి అని ఒక కోడలు. దానికొక గయ్యాళి అత్త, మంచం మీద ఒక మెత్తని మామ. రోజూ అత్త తిట్టేది, కోడలు ఏడ్చేది. మన ఆడోళ్ళు గూడా ఏడ్చేవాళ్ళు. ఏడ్చి, కండ్లు తుడుచుకోని, ఇంటికి పోయి వాళ్ళ కోడండ్లను తిట్టేవాళ్ళు.

ఇప్పుడు మీ అత్త ప్రశాంతి సంగతి రాయి. విష్ణు పెండ్లాం. గోరంట్ల పిల్ల, కదిరిలో బీయస్సీ చదివింది. మనింటికి వచ్చి అప్పటికి రెండో ఏడు. మన బడిలో పిల్లోళ్ళకు సైన్సు చెప్పను పోతాండె. ఆ పిల్లకు చుక్కలంటే పిచ్చి. అన్నం తిని చెయ్యి కడుక్కుంటా గూడా పైకి చూసేది, నీళ్ళు కాళ్ళ మీద పోసుకునేది.

"రాండక్కా, మిద్దె మీదికి రాండి, చుక్కలు చూపిస్తా" అని ఎండాకాలంలోనే వీధి ఆడోళ్ళను పిలిచె. ఒక్కరన్నా పోతే ఒట్టు.

"చుక్కలు చూస్తే కడుపు నిండ్తాదా పిల్లా? మబ్బు చూపియ్యి, పరిగెత్తి వస్తాం" అనె వరలక్ష్మమ్మ.

ఆ పిల్ల మళ్ళ పిలవల్యా. గమ్మున వాళ్ళ మధ్యలో కూర్చోని తానూ సీరియల్ చూసేది మొదలుపెట్టె. నేను అనుకుంటి, ఇంక ఈ పిల్ల గూడా చెడిపోయె అని. ఒకరోజు అడ్వటైజులు వచ్చినప్పుడు, తనలో తాను అనుకున్నట్ల అనె.

"నిన్న కావేరి వాళ్ళత్త అమావాస్య పూజ చేసె గదా?"

"చేసె. నిమ్మకాయలు గూడా కోసె" అనె వరలక్ష్మమ్మ.

"మరి ఈ పొద్దు కావేరి మిద్దె మీద ఏడుస్తాంటే యెనకాల అంత గుండ్రంగా చందమామ ఎట్లొచ్చె? నిన్న లేనిది ఒక్క రోజుకే నిండిపోయెనా?"

అందరూ ఒకరి మొగాలు ఒకరు చూసుకునిరి. మీ అవ్వ ఫక్కున నవ్వె. "అవునుమే! వాళ్ళింట్లో చందమామకు గూడా స్విచ్చు ఉండాది!"

అంతే పాపా. ఆ రోజు నుంచి సీరియల్లో తప్పు పట్టుకునేది ఒక ఆటైపోయె. కావేరి ఏడిస్తే ఎవురూ చూడరు, కావేరి యెనక చందమామ చూస్తారు. "మొన్న నెలవంకకు కొమ్ములు కిందికి ఉండాయమే, పొద్దు మునిగినాక కొమ్ములు కిందికి ఎట్లుంటాయి?" అని వరలక్ష్మమ్మ టీవీ మీదికే జగడానికి, రంపుకు పోయె. పట్టుకున్న తప్పు తప్పో కాదో తెలియాలంటే నిజం చందమామను చూడల్ల గదా? సీరియల్ అయిపోతానే అందరూ బయటికి వచ్చేవాళ్ళు. చందమామ లేని రోజు చుక్కలు. ప్రశాంతి ఒకొకటే చూపించేది. మాకు తెలిసిందల్లా గొర్రుకొయ్యలు, పిల్లలకోడి, వేగుచుక్క. మడికి నీళ్ళు కట్టను పోయే కాలంలో అవే మాకు గడియారం. ఆ పిల్ల వచ్చినాకనే నాకు తేలు తెలిసింది.

వానాకాలంలో, పొద్దు మునిగి చీకటి పడినాక, దక్షిణం పక్క చూడు. ముందర తలకాయ. నడుమ ఎర్రగా ఒక చుక్క. ఆడి నుంచి తోక కిందికి దిగి వంకర తిరిగి, కొనాకు జంటగా రెండు చుక్కలు. అదే కొండి. చూపించిన రోజు వరలక్ష్మమ్మ "ఓయమ్మో, నిజం తేలే!" అని కాళ్ళు చీరలోకి లాక్కునె. వాన లేని ఏడు చుక్కలన్నా బాగా కనపడె.

ఇంక నా గుండె సంగతి. ఒక పొద్దున గొర్రెల దొడ్డి కాడ తడిక లేపుతాంటే రొమ్ములో ఎవురో కాలు పెట్టి తొక్కినట్లాయె. చెమట. నోట్లో మాట రాల్యా. విష్ణు బొలెరోలో వేసుకోని అనంతపురానికి తోలె. డాక్టరు చూసి, గుండె రక్తనాళం పూడిపోయింది, స్టెంటు వెయ్యల్ల, మందులు మింగుతా పదైదు రోజులుండి రాండి అనె. బరువు ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు, ఎడం పక్కకు ఒత్తిగిల్లి పండుకోవద్దు. ఇంట్లో ఉక్క. అందుకని మన వాకిట్లోనే, వేపచెట్టు పక్కన, తూర్పుకు తల పెట్టి నాకు మంచం వేసిరి.

ఆ వారంలోనే సీరియల్లో జోస్యుడు ఒకాయన వచ్చె. కావేరి జాతకం చూసి, "ఈ పిల్లది మూలా నక్షత్రం. ఈమె మెట్టిన ఇంట్లో మామకు గండం" అనె. ఆ మాట అంటానే ఆ మెత్తని మామ రొమ్ము పట్టుకోని కింద పడె. ఒకే మొగాన్ని నాలుగు దిక్కుల నుంచి చూపించి, ఉరుములు ఉరిమించి, ఆ పొద్దుకు ఆపేసిరి.

ఇంట్లో నుంచి ఆడోళ్ళు బయటికి వచ్చిరి. నా మంచం దిక్కు చూసి చూడనట్ల పోయి అరుగు గట్టు మీద కూర్చునిరి.

"మూల యాడుంటాది పాపా? పైన నిజంగా ఉంటాదా, ఊరికే పంచాంగంలోనా?" అని అడిగె వరలక్ష్మమ్మ.

ఆ పిల్లకు సంతోషమాయె. ఇన్ని రోజులకు వాళ్ళే నోరు తెరిచి ఒక నక్షత్రాన్ని అడిగిరి గదా. లేచి నిలబడి చెయ్యి చాపె.

"మీరు రోజూ చూస్తాండేదే అత్తా. తేలు కొండి. ఆ ఎర్ర చుక్క జ్యేష్ఠ. తోక కొనాకు ఉండేది మూల."

"అదా! అంతేనా! ఇంతలేదే!"

"ఈడ నుంచి అంతే. దగ్గరికి పోతే మన సూర్యుని కంటే ఎంతో పెద్దది." అని, నవ్వుకుంటా, "నేను పుట్టింది గూడా ఆ నక్షత్రంలోనే" అనె.

పాపా, ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుండాది. బడిలో పిల్లోళ్ళకు తన ఊరు పటంలో చూపిస్తాండే పంతులమ్మ నవ్వినట్ల నవ్వె. అది దాయాల్సిన సంగతి అని ఆ పిల్లకు తెల్దు.

మీ అవ్వ గట్టు మీద నుంచి లేసె. "నీది పూర్వాషాఢ గదా?"

"కాదత్తా, మూల."

"పెండ్లికి ముందు పూర్వాషాఢ అని చెప్పిరే."

"ఎవురు చెప్పిరి?"

"మీ అమ్మ."

ప్రశాంతి చాపిన చెయ్యి దింపె. అందరూ పైకి చూసేది మాని నా దిక్కు చూసిరి. నేను రొమ్ము మీద చెయ్యి పెట్టుకోని ఉన్న్యా. ఊరికే పెట్టుకుంటి, ఎప్పుడూ పెట్టుకునేదే. ఆ చూపులకు తీసేయల్లో పెట్టుకోవాల్నో తెలియల్యా.

మరుసటి రోజు ఏడున్నరకు మనింటికి ఎవురూ రాల్యా. వరలక్ష్మమ్మ అంగట్లో ఉండే చిన్న టీవీ తెచ్చి ఇంట్లో పెట్టుకుందంట. ఆడికి పోయిరి.

మీ అవ్వ గోరంట్లకు ఫోను చేసె. ప్రశాంతి వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మకు. మొగుడు లేని మనిషి, ఒక్కతే బిడ్డ. ఫోను అందరికీ వినపడేట్ల పెట్టినారు.

"రెండు సంబంధాలు నక్షత్రం కాడనే ఎగిరిపోయినాయి వదినా" అనె ఆ యమ్మ. "మీది మూడోది. మంచి ఇల్లు. పోగొట్టుకునేదానికి నాకు ధైర్యం చాలల్యా. దాని పక్క నక్షత్రం చెప్తి. ప్రశాంతికి తెల్దు వదినా, దాన్నేమీ అనొద్దు."

"నా పసుపుకుంకాల మీద అబద్ధం ఆడ్తివా" అని మీ అవ్వ ఫోను పెట్టేసె. నిజమే గదమ్మే? ... చూడు, మీ అవ్వ తల ఊపుతాండాది. రాయి.

మీ అవ్వను తప్పు పట్టొద్దు. ఆమె గయ్యాళి కాదు. భయం. ఆ వారమంతా నా మంచం పక్కన కింద చాప వేసుకోని, నా రొమ్ము లేస్తాండాదా లేదా అని చూస్తా కూర్చునేది. నేను దగ్గితే లేసేది, దగ్గకపోయినా లేసేది.

విష్ణు బెంగుళూరుకు టమాటా లోడు దించి వచ్చినాడు. కాళ్ళు కడుక్కోకముందే మీ అవ్వ పట్టుకునె.

"ఆషాఢమని చెప్పి పుట్టింటికి పంపిద్దాం రా."

"పోయినేడు ఆషాఢానికి పోయి వచ్చె గదమ్మా. కొత్త కోడండ్లు పోతారు గానీ, ఏటేటా ఆషాఢమా? ఊరోళ్ళు నమ్ముతారా?"

"నమ్మకపోతే మానుకోమను. మీ నాయనకు ఆపరేషనై ఇంటికి వచ్చేదాకా."

"వచ్చినాక పిలుస్తావా?"

మీ అవ్వ మాట తిప్పె. "నీకు పెండ్లాం కావల్లా, నాయన కావల్లా?" అనె.

వాడు నా దిక్కు చూసె. నేను ఏమన్నా అంటానని చూసినాడు. నేను వేపచెట్టు దిక్కు చూస్తి. నాకూ భయమే పాపా. డెబ్బై దాటినాక చావుకు భయపడకూడదని అంటారు, వాళ్ళెవురో రొమ్ములో నొప్పి లేనోళ్ళు. ఆ పిల్ల మజ్జిగ తెచ్చేది. లోటా నా చేతికి ఇచ్చేది కాదు, పక్కన గట్టు మీద పెట్టి పోయేది. తన నీడ నా మీద పడకుండా సుట్టు తిరిగి నడిచేది. చుక్కల దూరాలు లెక్కగట్టే పిల్ల అది! వాకిట్లో నీడకు భయపడి నడుస్తాండె.

ప్రశాంతి ఒక్కసారే మాట్లాడె. మీ అవ్వతో.

"నేను పోతే మామకు బాగైతాదంటే ఇప్పుడే పోతానత్తా. కానీ మామకు బాగైతే, అది నేను పోయినందుకే అంటారు. మళ్ళ నన్నెట్ల రానిస్తారు?"

ఎంత సరిగ్గా మాట్లాడె చూడు. నేను బాగైతే ఆ పిల్లకు ఇల్లు లేదు. నేను పోతే అసలే లేదు. ఎటు తిరిగినా తలుపు మూసుకునే ఉండాది.

పొద్దున బస్సుకు గోరంట్లకు పంపేటట్ల నిర్ణయమాయె. ముందురోజు సాయంత్రం, ఏడున్నరప్పుడు, మీ అవ్వ వాకిట్లో లైటు కింద కూర్చోని ప్రశాంతి చీరలు మడిచి సంచిలో పెడ్తాండె. ప్రశాంతి మెట్ల మీద కూర్చోని ఉండె. విష్ణు బండి టైర్లు తడుముతా తిరుగుతాండె, టైర్లకు ఏమీ కాలేదు. గోడ అవతల వరలక్ష్మమ్మ టీవీ. సౌండు ఎక్కువ పెట్టింది, కావాలనే పెట్టిందో ఏమో. సీరియల్లో అత్త కావేరిని మెడ పట్టి గెంటుతాండాది. "నా భర్త ప్రాణం తియ్యడానికి వచ్చావే! బయటికి పో!" అని, ఆ మాట మన వాకిట్లోకి గోడ దాటి వచ్చె. మీ అవ్వ చేతిలో చీర ఆగిపోయె. ఒక గడియ అట్లే పట్టుకోని, మళ్ళ మడిచె.

పైన మబ్బు తునక ల్యా. చందమామ అప్పటికి ఇంకా లేయల్యా. దక్షిణం పక్క తేలు నిండుగా నిలబడి ఉండె. నేను తల తిప్పి తిప్పి చూస్తాండా, నాకు ఎర్ర చుక్క కనపడ్తాది, కొండి కనపడదు. తూర్పుకు తల పెట్టి పండుకుంటే దక్షిణం నా ఎడం పక్క. ఎడం పక్కకు తిరిగితే నొప్పి.

"ప్రశాంతీ, ఇట్ల రామ్మా" అంటి.

వచ్చి దూరంగా నిలబడె.

"ఆ కొండి నాకు కనపడల్యా. సరిగ్గా చూడల్ల."

"ఎడం పక్కకు తిరగొద్దు మామా."

"నేను తిరగను. మంచం తిప్పు. కాళ్ళు దక్షిణానికి పెట్టు. అప్పుడు ఎదురుగ్గా కనపడ్తాది."

ఆ పిల్ల మంచం కోడు మీద చెయ్యి వేసింది, వేసి తీసేసె. "తల ఉత్తరానికి వస్తాది మామా."

"వస్తే రానీ."

ఇంద్రాణీ, నీకు తెలుసో తెల్దో, మన ఇండ్లల్లో ఉత్తరానికి తల పెట్టి ఎవురూ పండుకోరు. చంటిబిడ్డను గూడా పండబెట్టరు. మీ అవ్వ చీర ఆడనే పడేసి ఉరికి వచ్చె.

"ఏమయ్యో! నీకేమన్నా బుద్ధి ఉండాదా? ఒక గండం నెత్తి మీద ఉంటే చాలక ఇంకొకటి పిలుస్తాండావా?"

"పిలుస్తాండాను. రెండూ కలిసి ఈ పొద్దే రానీ. ఇన్ని రోజుల నుంచి ఒకదాని కోసం ఎదురుచూసి చూసి నాకు ఇసుగొచ్చె."

"తిక్క మాటలు మాట్లాడొద్దు!"

"తెల్లారి నేను లేయకపోతే ఆ పిల్లను పంపిచ్చు, నేను అడ్డం చెప్పను. లేస్తే మటుకు..." అంటి. లేస్తే ఏమో నేను చెప్పల్యా. దమ్ము చాలల్యా.

గోడ మీద వరలక్ష్మమ్మ తలకాయ లేసె. సీరియల్ ఇడ్సిపెట్టి వచ్చిందంటే చూడు.

"ఎర్రన్నా! నీ కాళ్ళు మొక్కుతా, ఆ పని చెయ్యొద్దు! దినాలు అసలే బాగాలేవు!"

"నువ్వు పోయి సీరియల్ చూడు శెట్టెమ్మా, ఈడ అడ్వటైజులు రావు" అంటి.

ప్రశాంతి మంచం ముట్టుకోల్యా. మీ అవ్వ ముట్టుకోల్యా, మంచానికి అడ్డం నిలబడె. నేను లేసి నేనే తిప్పుకుందామని కాలు కింద పెడ్తి. అప్పుడు విష్ణు వచ్చె. టైర్ల కాడి నుంచి. వాళ్ళమ్మను భుజం పట్టి పక్కకు జరిపి, మంచం తలపక్క కోళ్ళు పట్టుకోని, నన్ను అట్లే పైన పెట్టుకోని బండ మీద కర్రుకర్రుమని ఈడ్చె. ఉత్తరానికి.

కొండి కనపడె.

ఇంత బాగా ముందెప్పుడూ చూడల్యా. రెండు చుక్కలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, పక్కపక్కనే. నా గుండె చెవిలో కొట్టుకుంటాండె. ధైర్యంగా ఉంటి అని చెప్తే అది అబద్ధం. కానీ మాట్లాడ్తాంటే కొంచెం మేలనిపిచ్చె.

"అది ఎంత దూరముంటాదమ్మా?"

ప్రశాంతి మెల్లగా దగ్గరికి వచ్చి మంచం పట్టె మీద కూర్చునె. "చానా దూరం మామా. ఆడ బయల్దేరిన వెలుతురు ఈడికి వచ్చేదానికి ఐదారు నూర్ల ఏండ్లు పడ్తాది. ఇప్పుడు నువ్వు చూస్తాండే వెలుతురు విజయనగరం రాజులు ఉన్నప్పుడు బయల్దేరింది."

"అప్పుడు నేను ల్యా."

"ల్యా."

"నువ్వు గూడా ల్యా."

"నేనూ ల్యా మామా."

"అట్లైతే పాపం దానికి మనిద్దరం ఎవురో గూడా తెల్దు" అంటి.

ఆ పిల్ల నవ్వుతాదేమో అనుకుంటి. నవ్వల్యా. మొగం పక్కకు తిప్పుకోని ఏడ్చె. సీరియల్లో మాదిరి కాదు, శబ్దం లేకుండా. మీ అవ్వ అది చూసె. చూసి, పోయి మళ్ళ లైటు కింద కూర్చునె. చీర చేతిలోకి తీసుకోల్యా.

నేను ఎప్పుడు నిద్రపోతినో నాకు తెల్దు.

కాకులు అరుస్తాంటే మెలకువ వచ్చె. పైన చుక్కలు ల్యావు, తెల్లగా ఉండె. కాళ్ళ కాడ మీ అవ్వ కూర్చోని ఉండె, కండ్లు ఎర్రగా.

"లేస్తివా?" అనె.

"లేస్తి."

"నొప్పి?"

"ల్యా. కాఫీ కావల్ల."

మీ అవ్వ లేసె. నేను అనుకుంటి వంటింట్లోకి పోతాదని. పోల్యా. సంచి కాడికి పోయి, పైన ఉండే పచ్చ చీర తీసె. ఉతికి మడిచిన చీర. దాన్ని తొట్టిలో ముంచె. మళ్ళ ఇంకొకటి తీసె, అదీ ముంచె. అన్నీ ముంచె. సబ్బు గూడా పెట్టల్యా, ఊరికే ముంచి పిండి దండెం మీద ఆరేసె. తడి చీరలు సంచిలో పెట్టను కాదు గదా.

బస్సు హారను కొట్టుకుంటా పోయె. మీ అవ్వ దండెం కాడ నుంచే అరిచె. "ప్రశాంతీ! మీ మామ కాఫీ అడుగుతాండాడు, వినపడల్యా?"

ఏమ్మే, అంతేనా, ఇంకేమన్నా ఇడ్సిపెడ్తినా? ... చక్కెర తక్కువేయమన్న్యా అంటాండాది. అదీ రాయి పాపా.

ఆసుపత్రి సంగతి రెండు ముక్కల్లో రాయి, దాంట్లో ఏమీ ల్యా. పోతిమి, చేతి నరంలో నుంచి వైరు పంపిచ్చి స్టెంటు వేసిరి, వస్తిమి. నన్ను లోపలికి తీసుకపోతాంటే బయట బెంచీ మీద మీ అవ్వ, ప్రశాంతి పక్కపక్కనే కూర్చోని ఉండిరి. ఏం మాట్లాడుకునిరో నాకు తెల్దు. బయటికి వచ్చేటప్పటికి మీ అవ్వ ఆ పిల్ల భుజం మీద తల పెట్టి నిద్రపోతాండె.

వాన మటుకు శెనక్కాయకు రాల్యా. ఆలస్యంగా వచ్చె, ఉలవలు చల్లుకుంటిమి.

వరలక్ష్మమ్మ వారానికంతా తిరిగి వచ్చె. చిన్న టీవీలో చందమామ సరిగ్గా కనపడదంట, తప్పు పట్టను కుదరల్యా అనె. ఫ్యాను కిందనే కూర్చునె. ఆ నెలలోనే సీరియల్లో కావేరి కథ తేలిపోయె. ఆమె జాతకం ఎవురిదో మారిపోయిందంట, నిజానికి మూల కాదంట. అత్త వచ్చి కౌగిలించుకోని ఏడ్చె. మంచి పాట పెట్టిరి. మన ఆడోళ్ళు ఒక్కరన్నా ఏడుస్తారేమో అని నేను చూస్తాండా.

వరలక్ష్మమ్మ చెయ్యి చాపి టీవీని చూపించె. "అంటే ఏందిమే? నిజంగా మూలైతే గెంటేసి ఉండేవాళ్ళేనా? మా ప్రశాంతిది నిజం మూల. ఎర్రన్న గుండ్రాయి మాదిరి వాకిట్లో కూర్చోని అందరి మీద పెత్తనం చేస్తాండాడు. వచ్చి చూడమను ఆ జోస్యున్ని!"

మీ అవ్వ టీవీ కట్టేసె. ఇంకా పది నిమిషాలు ఉండె గానీ కట్టేసె. "లేయండి, బయటికి పోదాం" అనె.

ఇంక అయిపోవచ్చె పాపా. చెయ్యి నొప్పి పుడ్తాంటే కొంచెంసేపు ఆపి రాయి. ఈ చివరి మాటలు మటుకు జాగ్రత్తగా రాయి.

ఇదంతా సుబ్బరత్నమ్మకు రాయిస్తాండాను. ఆ ఫోను పెట్టేసినాక ఆ యమ్మ మన గడప తొక్కల్యా. బిడ్డను చూడను గూడా రాల్యా. ఉగాదికి పిలిస్తిమి, రాల్యా. విష్ణు పోయి పిలిచె, మొగం చూపించకుండా తలుపు యెనక నుంచే మాట్లాడి పంపిచ్చె. ఫోను చేస్తే ప్రశాంతితో మాట్లాడ్తాది, నేనో మీ అవ్వనో తీసుకుంటే పెట్టేస్తాది. ప్రశాంతి పైకి ఏమీ అనదు. వాళ్ళమ్మ వండే అలసంద వడలు అని ఒకరోజు అని, మాట మింగేసె.

నువ్వు ఎల్లుండి హిందూపురానికి పోతాండావు గదా, గోరంట్ల మీదనే బస్సు. ఆడ దిగు. ఫోనులో చదవొద్దు, పెట్టేస్తాది. ఇంటికి పోయి ఎదురుగ్గా కూర్చోని, మొదటి నుంచి చివరి దాకా సుబ్బరత్నమ్మకు చదివి వినిపియ్యి. మధ్యలో లేసిపోతే కొంగు పట్టుకోని కూర్చోబెట్టి చదువు.

ఒక మాట మటుకు రెండుసార్లు చదువు. అవ్వా నేనూ ఇద్దరం చెప్పినామని, కోపంతో కాదని చెప్పి చదువు. ఆ రోజు నువ్వు నిజం చెప్పింటే, సుబ్బరత్నమ్మా, మేము ఈ పిల్లను చేసుకోని ఉండేవాళ్ళం కాదు.